ఆరవ సూన: ఓరుగల్లు గృహస్థుని చెత్తబుట్ట



సంప్రదాయజ్ఞుడైన గృహస్థుడు ప్రాతఃకాలంలో శయ్యను వీడి నేలపై పాదం మోపడానికి పూర్వమే భూదేవిని క్షమాపణ వేడుకుంటాడు. విష్ణుపత్నియైన ఆ తల్లిని పాదంతో స్పృశించవలసి వస్తున్నందుకు మన్నించమని ఆ ప్రార్థన. స్నానసంధ్యలు ముగుస్తాయి. పూజాసనం వేసుకొనేటప్పుడు మరల పృథివినే ప్రార్థించి, ఆమె అనుజ్ఞతో కూర్చుంటాడు. పూజ ముగిసిన పిమ్మట నిన్నటి నిర్మాల్యం, మిగిలిన పులిహోర, పాలపొట్లం, అగరువత్తుల డబ్బా, పనికిరాని గడియారపు బ్యాటరీ, మందుబిళ్ళల రేకు అన్నీ ఒకే పాలిథీన్ సంచిలో ముడివేయబడి వీధి చివరకు చేరుతాయి. ఉదయం పాదస్పర్శకే క్షమాపణ చెప్పుకొన్న భక్తుడు ఆ సంచి విషయంలో ఏ క్షమాపణా చెప్పుకోడు. అందులో దోషమేదో ఉన్నదన్న స్ఫురణ కూడా అతనికి కలగదు.

ఇది ఏ ఒక్కరిపైనో మోపవలసిన నింద కాదు. ఓరుగల్లు మహానగరంలో, హనుమకొండలో, కాజీపేటలో ఆస్తికుల ఇండ్లు అనేకం ఈ విధంగానే నడుస్తున్నవి. భక్తి లోపించినందువలన ఇది జరుగుతున్నదని చెప్పలేము. ధర్మశాస్త్రం ఏనాడో గుర్తించిన ఒక దోషం నూతన రూపంలో గృహప్రవేశం చేసింది. దానికి ప్రాయశ్చిత్తం ఉన్నదని గృహస్థుడు ఇంకా తెలుసుకోలేదు. విచారించవలసిన విషయం ఇదే.

పంచసూనలు

గృహస్థాశ్రమంలో అనివార్యంగా జరిగే హింసను మనుధర్మశాస్త్రం తృతీయాధ్యాయంలో నిర్మొహమాటంగా ఒప్పుకొన్నది. ప్రతి ఇంటిలోనూ ఐదు సూనలు, అనగా వధ్యస్థానాలు, ఉన్నవని అది చెబుతుంది. అవి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీటికుండ. వండేటప్పుడు, నూరేటప్పుడు, ఊడ్చేటప్పుడు, దంచేటప్పుడు, నీరు తెచ్చేటప్పుడు కంటికి కనబడని ప్రాణులు నశిస్తాయి. వీటిని మానివేయమని శాస్త్రం ఆదేశించలేదు. మానివేస్తే గృహస్థాశ్రమమే లేదు. అయితే ఆ దోషాన్ని గుర్తించి, దినదినమూ దానికి నిష్కృతి చేసుకొమ్మని విధించింది. ఆ నిష్కృతియే పంచమహాయజ్ఞాలు: బ్రహ్మయజ్ఞం, పితృయజ్ఞం, దేవయజ్ఞం, భూతయజ్ఞం, మనుష్యయజ్ఞం.

ఈ విధానంలోని సూక్ష్మం గ్రహించదగినది. శాస్త్రం దోషాన్ని ఇంటి నడుమనే చూపింది. దోషం ఎక్కడ పుట్టిందో నిష్కృతి కూడా అక్కడే, ఆ గృహస్థుని చేతులమీదుగానే జరగాలని నిర్ణయించింది. పొయ్యి దోషాన్ని పొరుగువాని పెరటికి నెట్టే మార్గం చూపలేదు.

ఆ కాలంలో చెత్తబుట్ట సూనలలో ఎందుకు చేరలేదో ఊహించడం సులభం. ఇంటినుండి వెలువడేది దాదాపు అంతా భూమినుండి వచ్చినదే: బూడిద, పేడ, ఆకు, పువ్వు, పొట్టు, మట్టికుండ పెంకు, నూలుగుడ్డ పీలిక. పెంటకుప్పలో పడినది ఒకటి రెండు వర్షాకాలాలలో ఎరువై పొలానికి చేరేది. నేడు పాల్కురికి సోమనాథుని పాలకుర్తిలోనైనా, పోతన నడయాడిన బమ్మెరలోనైనా ఇంటినుండి వెలువడేది వేరు. ప్లాస్టిక్ సంచి, థర్మకోల్ పళ్ళెం, ట్యూబ్‌లైటు, సెల్‌ఫోను బ్యాటరీ, రంగుడబ్బా, క్రిమిసంహారకపు సీసా భూమిలో కలవవు. కలిసినంతమేర విషమై కలుస్తాయి. కావున చెత్తబుట్టను ఆరవ సూనగా పరిగణించడం నేటి గృహస్థునికి ధర్మసమ్మతమే కాక అవశ్యకర్తవ్యం కూడా.

గంధవతి అయిన పృథివి

చెత్త ఇంటిని వీడిన తరువాత ఎక్కడకు చేరుతుందో పలువురికి తెలియదు. వరంగల్లు నుండి హైదరాబాదు వైపు సాగే రహదారిలో మడికొండ ఉన్నది. మెట్టుగుట్టపై శ్రీ రామలింగేశ్వరుడు వెలసిన క్షేత్రమది. మహాశివరాత్రికి వేలాదిగా భక్తులు ఆ గుట్ట ఎక్కుతారు. ఆ మడికొండ సమీపంలోనే, రాంపూర్ గ్రామం వద్ద, మహానగరపు చెత్త ఏళ్ల తరబడి పోగుపడి మరొక గుట్టగా పెరిగింది. ఒక గుట్టపైకి భక్తుడు బిల్వపత్రం మోసుకొనిపోతాడు. రెండవ గుట్టకు అతని ఇంటి సంచి తనంతట తానే చేరుతుంది.

తడి, పొడి కలిసిపోయిన చెత్త గుట్టగా పడి ఉన్నప్పుడు దానిలో ఏమి జరుగుతుందో భౌతికశాస్త్రజ్ఞులు స్పష్టంగా వివరించారు. అడుగున గాలి సోకని అన్నశేషం, ఆకుకూరల తుక్కు కుళ్ళి మీథేన్ వాయువును పుట్టిస్తుంది. ఆ వాయువు సులభంగా అంటుకొంటుంది. వేసవిలో చెత్తగుట్టలు తమంతట తామే రగులుకోవడానికి ముఖ్యహేతువులలో ఇది ఒకటి. ప్లాస్టిక్ కాలినప్పుడు, ప్రత్యేకించి పి.వి.సి. వంటివి కాలినప్పుడు, డయాక్సిన్లు అనే తీవ్రవిషాలు వెలువడి పొగతో కలిసి పరిసరాల నేలపై, పంటపై వాలుతాయి. వర్షజలం గుట్టగుండా దిగుతూ బ్యాటరీలలోని సీసం, కాడ్మియం, ట్యూబ్‌లైటులోని పాదరసం వంటి లోహాలను కరిగించుకొని నల్లని ద్రవమై భూగర్భంలోకి ఇంకుతుంది. బావినీరు, బోరునీరు అక్కడినుండే రావాలి. పొగ, దుర్గంధం, చెడిన నీరు తమ బ్రతుకును దుర్భరం చేస్తున్నవని పరిసర గ్రామాల ప్రజలు అనేకసార్లు మొరపెట్టుకొన్నారు. పాత చెత్తను తవ్వి, జల్లెడపట్టి వేరుచేసే బయోమైనింగ్ పనులను నగరపాలక సంస్థ చేపట్టింది. అయినా ప్రతి ఉదయం కొత్త సంచులు బయలుదేరుతూనే ఉన్నవి.

తర్కశాస్త్రం పంచభూతాలను వాటి విశేషగుణాల చేత నిర్వచిస్తుంది. ఆకాశానికి శబ్దం, వాయువుకు స్పర్శ, తేజస్సుకు రూపం, జలానికి రసం, పృథివికి గంధం. ప్రథమపాఠం చదివే విద్యార్థి సైతం గంధవతి పృథివి అని నేర్చుకొంటాడు. తొలకరి చినుకు పడగానే నేలనుండి లేచే సుగంధం ఆ నిర్వచనానికి ప్రత్యక్షప్రమాణం. పృథివిని ఆమె విశేషగుణం చేతనే గుర్తించవలసి ఉండగా, రాంపూర్ పరిసరాలలో పుట్టిన శిశువు భూమి వాసనగా దేనిని ఎరుగుతాడు? తన ఇంటినుండి పోయిన సంచియే ఆ శిశువుకు పృథివీలక్షణాన్ని మార్చివేసినదని నగరంలోని భక్తుడు గ్రహించవలసి ఉన్నది.

ఐదు శుద్ధులు సరిపోని నేల

అశుద్ధమైన భూమిని శుద్ధి చేయడానికి మనువు పంచమాధ్యాయంలో ఐదు ఉపాయాలు చెప్పాడు. ఊడ్చడం, అలకడం, జలం చల్లడం, పైమన్నును గీకి తీసివేయడం, గోవులను నిలిపి ఉంచడం. తెలుగు పల్లెలలో ముంగిలి ఊడ్చి, పేడతో కళ్ళాపి చల్లి, ముగ్గు వేసే ఆచారంలో ఈ శుద్ధులు నేటికీ సజీవంగా ఉన్నవి. యాగశాలా నిర్మాణంలోనూ, దేవతాప్రతిష్ఠకు పూర్వమూ భూశుద్ధి ఈ మార్గంలోనే సాగుతుంది.

ఈ ఐదింటిని పరిశీలిస్తే ఒక సత్యం గోచరిస్తుంది. ఇవన్నీ కాలక్రమంలో కుళ్ళి మన్నుగా మారే మలినాలను ఉద్దేశించినవి. ప్లాస్టిక్ ముక్కను ఊడ్చితే అది స్థలం మారుతుంది తప్ప నశించదు. సీసం ఇంకిన నేలపై పేడనీరు చల్లినా సీసం సీసంగానే ఉంటుంది. ఎంతో లోతుకు దిగిన విషం పైమన్ను గీకితే తొలగదు. ఇక గోవులను నిలిపితే ఆ గోవులకే ప్రమాదం. నగరవీధులలో సంచరించే ఆవులు అన్నశేషం కోసం ముడివేసిన సంచులను సంచులతోపాటే మింగుతున్నవి. అటువంటి ఆవుల ఉదరంనుండి పశువైద్యులు కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీస్తున్నారు. భూమిని శుద్ధి చేయవలసిన గోమాతకు ఆ భూమిపై పడిన సంచియే మృత్యుహేతువు అవుతున్నది. గోపూజ చేసే గృహస్థుడు ఈ ఒక్క విషయం తలచినా అన్నాన్ని ప్లాస్టిక్ సంచిలో ముడివేయడం మానుకొంటాడు.

దీనినిబట్టి తేలేది ఒక్కటే. ఈ నూతన మలినానికి పశ్చాత్ శుద్ధి చాలా కష్టం, కొన్నిచోట్ల అసాధ్యం. ఒక అంగుళం సారవంతమైన మన్ను సహజంగా ఏర్పడడానికి వందల సంవత్సరాలు పడుతుంది. దానిని చెరచడానికి ఒక ఋతువు చాలు. కావున శుద్ధి భూమిపై పడిన తరువాత కాక, భూమిపై పడకముందే జరగాలి.

పార్థివ పూజలో అపార్థివ ద్రవ్యం

ఓరుగల్లు సీమలోని పండుగలు స్వభావం చేత భూమికి అనుకూలమైనవి. బతుకమ్మకు ముందు కన్నెపిల్లలు ఆడే బొడ్డెమ్మ పుట్టమన్నుతో చేసినది. భాద్రపద అమావాస్యనాడు వేయిస్తంభాల గుడి ప్రాంగణం ఎంగిలిపూల బతుకమ్మలతో నిండిపోతుంది. తొమ్మిదవనాడు పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడిపూలు చెలకల గట్లనుండి, పెరళ్లనుండి వచ్చి నీటిలో చేరి మరల మన్నవుతాయి. ఎక్కడినుండి వచ్చినదో అక్కడికే పోవడం ఆ పండుగ యొక్క జీవం. గునుగుపూలకు రసాయనపు రంగులు అద్దడం, బతుకమ్మ కింద థర్మకోల్ పళ్ళెం పెట్టడం మొదలైనప్పుడు ఆ జీవానికే భంగం కలుగుతున్నది.

వినాయకచవితి వ్రతవిధానంలో పార్థివప్రతిమ ఉద్దేశించబడినది. పార్థివమనగా పృథివీ సంబంధమైనది, మట్టితో చేసినది. మట్టికి ఆవాహన, మట్టికి పూజ, ఉద్వాసన పిమ్మట మట్టి మట్టిలో కలవడం ఆ వ్రతంలోని తత్త్వం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం నీటిలో త్వరగా కరగదు. దానిపై పూసిన రంగులలో సీసం వంటి భారలోహాలు ఉండే అవకాశం కలదు. అవి చెరువు అడుగున చేరుతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాలలో ఈ పదార్థంతో విగ్రహాలు చేయరాదని పేర్కొన్నది. చట్టం చెప్పకముందే వ్రతకల్పం ఆ మాట చెప్పిందని భక్తులు గుర్తుంచుకొనడం మేలు.

చెరువు అడుగు మన్నుకు ఓరుగల్లులో విశేషగౌరవం కలదు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి తటాకాలను నిర్మించిన కాకతీయుల సీమ ఇది. వేసవిలో చెరువు పూడికమన్నును బండ్లకెత్తి పొలాలకు తోలుకొనడం ఇక్కడి కర్షకుల పురాతన పద్ధతి. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పథకంలోనూ పూడికమన్ను పొలాలకు చేరింది. చెరువు భూమినుండి తీసుకొన్న సారాన్ని మరల భూమికే ఇచ్చేది. శ్రీ భద్రకాళీ అమ్మవారి తటాకాన్ని 2024 నవంబరులో ఖాళీచేసి పూడికతీత ప్రారంభించినప్పుడు, గుర్రపుడెక్క పట్టి, పరిసర కాలనీల మురుగు చేరిన ఆ జలాశయపు దుఃస్థితి నగరమంతా చూచింది. మురుగు, ప్లాస్టిక్, రంగులు చేరిన చెరువు మన్నును రైతు తన మడిలో నిశ్చింతగా ఎలా వేసుకొంటాడు? చెరువును చెరచినవాడు పొలాన్ని కూడా చెరచినట్లే.

ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకొకసారి సమ్మక్క-సారలమ్మల మహాజాతర జరుగుతుంది. కోటిమందికి పైగా భక్తులు వస్తారని లెక్క. ఆ తల్లులకు సమర్పించేది బెల్లం. దానినే భక్తులు బంగారమని పిలుచుకొంటారు. చెరకునుండి పుట్టి, ప్రసాదమై జనుల నోట చేరి, మిగిలినది చీమలకు ఆహారమయ్యే ఆ నైవేద్యంలో భూమికి హాని కలిగించేది ఏమీ లేదు. కాని జాతర ముగిసిన మరునాడు ఆ అరణ్యభూమిపై మిగిలేది నీళ్లసీసాలు, ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు. అడవి నేలను కన్నతల్లిగా భావించిన వనదేవతల సన్నిధిలో ఆ మిగులును వదలివచ్చిన భక్తుడు తన మొక్కు పూర్తిగా చెల్లినదని భావించవచ్చునా?

శాకంబరి సన్నిధిలో ఒక ప్రశ్న

ఆషాఢమాసంలో భద్రకాళీ అమ్మవారికి శాకంబరీ అలంకారం జరుగుతుంది. వంకాయలు, బెండకాయలు, గుమ్మడికాయలు, ఆకుకూరలు అమ్మవారి ఆభరణాలవుతాయి. క్షామకాలంలో తన దేహంనుండి శాకాలను పుట్టించి లోకాన్ని పోషించిన తల్లిగా దేవీమాహాత్మ్యం ఆమెను కీర్తించింది. ఆ రోజున దర్శనార్థమై వచ్చినవారు ఆ శాకాలు ఏ నేలనుండి వచ్చినవో, ఆ నేల ఏ స్థితిలో ఉన్నదో కూడా తలచుకొనవలెను.

ఉమ్మడి వరంగల్లు జిల్లా పత్తి పంటకు ప్రసిద్ధి. ఎనుమాముల విపణికి తెల్లని పత్తి బండ్లకొద్దీ వస్తుంది. ఆ తెల్లదనం వెనుక పురుగుమందుల చరిత్ర ఉన్నది. 1997-98 ప్రాంతాలలో పత్తి చేలలో పురుగు విజృంభించి, మందులకు లొంగక, అప్పులపాలైన రైతులు అనేకులు ప్రాణాలు తీసుకొన్న విషాదం ఈ జిల్లా ఇంకా మరవలేదు. చల్లిన మందు పురుగునే కాక నేలలోని మిత్రకీటకాలను, వానపాములను కూడా నశింపజేస్తుంది. ఖాళీ సీసాలు గట్లమీద, బావుల చెంత పడి ఉంటాయి. నేల చెరచినది కేవలం నగరవాసి అని చెప్పడం న్యాయం కాదు.

అదే ఉమ్మడి జిల్లాలో, నేటి జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలో, ఏనెబావి అనే చిన్న పల్లె ఉన్నది. పట్టుమని యాభై కుటుంబాలు. వారందరూ ఏకమై మొదట పురుగుమందులను, పిమ్మట రసాయనపు ఎరువులను విడిచిపెట్టి, వేపకషాయం, పశువుల పేడ, మూత్రం, చెరువుమన్నుతో సేద్యం సాగించారు. 2006లో ఆ ఊరు తనను రసాయనరహిత గ్రామంగా ప్రకటించుకొన్నది. ఇక్కడ గమనించదగినది వారి ఐకమత్యం. ఒక్క రైతు మానితే పక్కచేనునుండి విషం వస్తుంది. ఊరంతా ఒకే సంకల్పం చేసినప్పుడు నేల కోలుకొన్నది. నగరంలో ఒక వీధికి, ఒక కాలనీకి ఈ సూత్రమే వర్తిస్తుంది.

సర్వంసహ అన్న సాకు

ఈ మాటలు విన్న కొందరు ఆస్తికులు ఒక సమాధానం చెబుతారు. భూమాత సర్వంసహ, ఆమె అన్నింటినీ ఓర్చుకొంటుంది, ఈశ్వరేచ్ఛ లేనిదే ఏదీ జరగదు అని. అమరకోశంలో సర్వంసహ అని భూమికి పర్యాయపదం ఉన్న మాట వాస్తవమే. కాని ఓర్చుకొనడం అనుమతి ఇవ్వడం కాదు. తల్లి ఓర్పును బిడ్డ తన హక్కుగా భావిస్తే దానిని ఏ శాస్త్రమూ భక్తి అనదు. భాగవతం దశమస్కంధారంభంలోనే భారం భరించలేని భూమి గోరూపం ధరించి కన్నీరు కారుస్తూ బ్రహ్మను ఆశ్రయించింది. చతుర్థస్కంధంలో పృథుచక్రవర్తి కాలంలో భూమి ఓషధులను తనలోనే దాచుకొని ఇవ్వ నిరాకరించింది. రాజు విల్లెత్తినా ఆమె భయంతో లొంగి ఊరుకోలేదు. తగిన దూడను, తగిన పాత్రను తెచ్చి క్రమంగా పితుకుకొమ్మని పద్ధతి చెప్పింది. సర్వంసహకు కూడా ఒక హద్దు ఉన్నదని పురాణం చెప్పకనే చెప్పినది.

మరికొందరు, పన్ను కట్టుచున్నాము గనుక ఇది పురపాలకుల పని అంటారు. పాలకుల బాధ్యత తక్కువది కాదు. సేకరించిన చెత్తను ఒక గ్రామం నెత్తిన గుట్టగా పోయడం రాజధర్మం అనిపించుకోదు. దానిని నిలదీయడం పౌరధర్మమే. అయినను పంచసూనలకు నిష్కృతి రాజు చేయడు, గృహస్థుడే చేయాలి. వేరుచేయక కలిపి ఇచ్చిన చెత్తను ఎంత గొప్ప యంత్రమైనా పూర్తిగా వేరుచేయలేదు.

ఇంతకంటె గంభీరమైన విషయం మరొకటి కలదు. శౌచం పేరుతో తరతరాలుగా ఒక వైపరీత్యం సాగింది. మలినాన్ని పుట్టించినవాడు శుచి అనిపించుకొన్నాడు, ఆ మలినాన్ని ఎత్తి తొలగించినవాడు అశుచి అనిపించుకొన్నాడు. నేటికీ పారిశుద్ధ్య కార్మికురాలు తెల్లవారుజామున కుళ్ళిన సంచిని విప్పి, పగిలిన గాజుపెంకులమధ్య, వాడిన సూదులమధ్య, చేతులతో చెత్తను వేరుచేస్తున్నది. ఆమె చేతికి అయిన గాయం ఎవరి సూనలో జరిగిన హింస? మడి కట్టుకొని పూజ చేసిన ఇంటినుండి ఆ గాజుపెంకు వచ్చినప్పుడు, ఆ ఇంటి శౌచం ఎంతవరకు నిజమైనది? సర్వశౌచాలలో అర్థశౌచమే శ్రేష్ఠమని మనువు చెప్పాడు. ఇతరుల ఆరోగ్యాన్ని హరించి సంపాదించుకొన్న పరిశుభ్రత అర్థశౌచం కానేరదు. ఈ ప్రశ్న చేదుగా ఉన్నా, ధర్మాన్ని ప్రేమించేవారు దీనినుండి ముఖం తిప్పుకొనరాదు.

వివేకమనగా వేరుచేయడం

వేదాంతవిద్యార్థికి సాధనచతుష్టయంలో మొదటిది వివేకం. నిత్యమేదో, అనిత్యమేదో వేరుగా గుర్తించడం. వివేకశబ్దానికి మూలమైన విచ్ ధాతువుకు అర్థమే వేరుచేయడం. ఆత్మానాత్మలను వేరుచేయగోరే సాధకునికి అరటితొక్కను, బ్యాటరీని వేరుచేయడం అల్పకార్యం కాదు. మహత్తర వివేకానికి అది నిత్యాభ్యాసం.

2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు ప్రతి గృహస్థుడూ చెత్తను మూడుగా వేరుచేయాలని విధించినవి. కుళ్ళే తడిచెత్త, కుళ్ళని పొడిచెత్త, ఇంటిలో పుట్టే ప్రమాదకర వ్యర్థం. భారతీయ నగరాల చెత్తలో సుమారు సగం తడిచెత్తయే. అది వేరుగా ఉంటే ఎరువు, కలిసిపోతే విషం. పొడిచెత్త వేరుగా ఉంటే దానికి విలువ ఉంటుంది, కొనేవాడు ఉంటాడు. ప్రమాదకర వ్యర్థం తక్కువ పరిమాణంలోనిదే అయినా మిగిలినదానినంతటినీ చెరచగలదు.

తడిచెత్తను ఎరువు చేయడంలో భూతయజ్ఞం దాగి ఉన్నది. వైశ్వదేవానంతరం కాకులకు, శునకాలకు, క్రిములకు అన్నబలిని నేలపై మెల్లగా ఉంచాలని శాస్త్రవిధి. విసరివేయమని చెప్పలేదు, మెల్లగా ఉంచమని చెప్పింది. పెరటిలో ఒక చిల్లుల కుండ, అందులో కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, కొంచెం మన్ను, కొన్ని వానపాములు ఉంటే క్రిములకు బలి సమర్పించినట్లే. కొద్ది నెలలలో అది తులసికోటకు ఎరువవుతుంది.

ఇది ఆచరణసాధ్యం కాదనడానికి ఓరుగల్లువాసులకు అవకాశం లేదు. 2012 అక్టోబరులో ఈ నగరంలోనే క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఇతర పట్టణాల పురపాలక సిబ్బంది జట్లుగా వచ్చి, ఇంటింటికీ తిరిగి తడి, పొడి చెత్తలను వేరువేరుగా సేకరించారు. వేరుచేసి ఇమ్మని అడిగితే ఇక్కడి గృహిణులు ఇచ్చారు. ఆ ఉత్సాహం అన్ని వీధులలో అదే విధంగా నిలిచి ఉంటే రాంపూర్ గుట్ట ఇంతగా పెరిగి ఉండేది కాదు. జపాన్ దేశంలో కమికట్సు అనే కొండప్రాంతపు చిన్న ఊరు 2003లో చెత్తలేని ఊరుగా మారాలని సంకల్పించి, వ్యర్థాలను పదులకొద్దీ రకాలుగా వేరుచేస్తున్నది. అక్కడివారు అన్ని రకాలు చేయగా, నిత్యం వివేకాన్ని గూర్చి ప్రవచనాలు వినే సమాజం మూడు చేయలేదా?

దేవాలయం మొదలిడవలసిన పని

గృహస్థునికి చెప్పడానికి ముందు దేవాలయాలు తమను తాము పరిశీలించుకోవాలి. అర్చకవర్గం కూడా ఈ దోషంలో భాగస్థమే. పాలిథీన్ సంచిలో వచ్చిన కొబ్బరికాయను, ప్లాస్టిక్ దారంతో కట్టిన మాలను అభ్యంతరం చెప్పక స్వీకరిస్తున్నది అర్చకులే. 2022 జూలై 1 నుండి ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, అలంకరణకు వాడే థర్మకోల్ దేశమంతటా నిషిద్ధమైనవి. అన్నదానశాలలలో మోదుగు విస్తరి, ప్రసాదానికి ఆకుదొప్ప మరల రావడం నూతన సంస్కరణ కాదు, స్వధర్మానికి పునరాగమనం. నిర్మాల్యానికి ఆలయప్రాంగణంలోనే ఒక గుంట, ఆ ఎరువుతో ఒక పూలతోట, ఆ తోటనుండి మరునాటి అర్చనకు పుష్పాలు ఏర్పడితే యజ్ఞచక్రం ఒక్క ప్రాకారంలోనే పూర్తవుతుంది. దానిని కళ్లారా చూచిన భక్తుడు ఇంటికి పోయి అనుసరిస్తాడు.

వ్రతాలు చేయించే పురోహితుడు సామగ్రి జాబితా వ్రాసి ఇచ్చేటప్పుడు మట్టిప్రతిమ, నూలుదారం, ఆకుదొప్పలు, వెదురుబుట్ట అని స్పష్టంగా వ్రాయవచ్చును. సంకల్పం చెప్పించిన పిమ్మట, ఈ కర్మలో వాడిన ద్రవ్యంలో భూమి స్వీకరించలేనిది ఏదీ ఉండరాదని ఒక్క మాట తెలుగులో చెప్పవచ్చును. దీనికి ధనవ్యయం లేదు, ప్రభుత్వానుమతి అక్కరలేదు.

గీతాచార్యుడు తృతీయాధ్యాయంలో, దేవతలు ఇచ్చినదానిని వారికి తిరిగి ఇవ్వక అనుభవించేవాడిని చోరుడని స్పష్టంగా పేర్కొన్నాడు. భూమి ప్రతిదినం అన్నం, నీరు, పువ్వు, పండు ఇస్తున్నది. ఆమెకు తిరిగి ఇవ్వదగినవి ఆమె స్వీకరించగలిగినవే. మిగిలినవాటిని తగ్గించుకొనడం, వేరుచేయడం, విషాన్ని విషంగా గుర్తించి జాగ్రత్తగా అప్పగించడం ఆరవ సూనకు నిష్కృతి. రేపటి ఉదయం పాదం మోపేముందు భూదేవిని క్షమాపణ కోరే భక్తుడు, ఆ పూటకే ఇంటిలో మూడు బుట్టలు ఉంచుకొంటే, ఆ ప్రార్థనకు అర్థం నిలుస్తుంది. రాంపూర్ గ్రామంలో నిద్రలేచే మరొక గృహస్థుడు కూడా అదే భూదేవిని, అదే ప్రార్థనతో స్పృశిస్తున్నాడు.

ఇతి శమ్.